శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, పడుతుందా లేదా అన్నదే

సంపాదకులకు నమస్కారం.

ఘోరం జరిగిన ప్రతిసారీ మీ పాఠకుల లేఖల్లో ఒకటే డిమాండు: చట్టం చాలదు, నడిరోడ్డు మీద ఉరి తీయాలి. ఆ కోపం నాకూ ఉంది. అయితే కోర్టు గుమస్తాగా ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు ఒక సంగతి బాగా తెలుసు. నేరస్థుడికి తెగింపు వచ్చేది శిక్ష చిన్నదని కాదు, అది తన దాకా రాదన్న ధీమాతో.

ఇటలీలోని మిలాన్‌కు చెందిన, నేరం–శిక్షల గురించి రాసిన ఆలోచనాపరుడు చెజారే బెకారియా 1764లోనే ఈ మాట చెప్పాడు: తప్పించుకోవచ్చన్న ఆశ ఉన్న ఘోరశిక్ష కంటే, తప్పించుకోలేని మోస్తరు శిక్షకే మనిషి ఎక్కువ భయపడతాడు. అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం ఇంట్లో 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరే. ఆ పాపం తమకెందుకని జ్యూరీలు ఎన్నో కేసుల్లో సొత్తు విలువను 39 షిల్లింగులకు దించి తీర్పు చెప్పేవి. చివరికి 1830లో, ఫోర్జరీకి మరణశిక్ష తీసేయమని బ్యాంకర్లే పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. ఉరి ఉందనే నేరం రుజువు కావడం లేదని వాళ్ల మొర. శిక్ష కఠినమయ్యేకొద్దీ దోషులు తప్పించుకుపోవడం ఎంత విడ్డూరం!

పదిమందికీ బుద్ధి రావడానికి ఒకరిని ఉరి తీయాలనేవారికి మరో మాట. మరణశిక్షను గట్టిగా సమర్థించిన జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా, ఇతరుల మేలు కోసం మనిషిని కేవలం సాధనంగా వాడుకోవడానికి ఒప్పుకోలేదు. అతను నేరం చేశాడని ముందు తేలాలి, ఆ నేరానికి తగినంతే శిక్ష ఉండాలి.

అసలు కేసులు ఎక్కడ వీగిపోతాయో నేను కళ్లారా చూశాను. హత్య కేసులో కంటితో చూసిన సాక్షి ఒక ముసలమ్మ. కూలి మానుకుని వచ్చి, కోర్టు వరండాలో గోడకు ఆనుకుని సాయంత్రం దాకా నిలబడేది. కూర్చోవడానికి బల్ల లేదు. నిందితుడి బంధువులు రెండడుగుల దూరంలో ఉండేవారు. సాయంత్రానికి వాయిదా. మళ్లీ వాయిదా. ఆఖరికి బోనెక్కిన రోజున "నేనేమీ చూడలేదు బాబూ" అంది. సాక్షి ఎదురుతిరిగిందని కాగితంలో రాసుకున్నాం. ఆమెను ఆ స్థితికి తెచ్చింది మేమేనని ఏ కాగితంలోనూ లేదు. ఆ కేసులో ఉరిశిక్ష ఉంటే మాత్రం ఎవరికి వేసేవారు?

మీకు నాదొక విన్నపం. శిక్ష పడిన వార్త వేసేటప్పుడు నేరం జరిగిన తేదీ, విచారణ మొదలైన తేదీ, సాక్షులను ఎన్నిసార్లు వెనక్కి పంపారన్నదీ పక్కనే అచ్చు వేయండి. కేసు కొట్టేసినప్పుడూ అలాగే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు గుమస్తా