కొరమేనుకు ఎన్ని పేర్లో

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం మధ్యాహ్నం

ఏరా బావా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాశావు, అందులో మూడు పేజీలు మెస్సు సాంబారు మీదే పోయాయి. అసలు సంగతి చివరి పేజీలో ఒక మూల ఇరికించావు: "నల్లతుమ్మ మీద ప్రాజెక్టు ఇచ్చారు, లైబ్రరీలో వారం నుంచి వెతుకుతున్నాను, ఏమీ దొరకడం లేదు" అని. అది చదివి నాలో నేనే పగలబడి నవ్వుకున్నాను. కోపం తెచ్చుకోకు. కిందటి ఆగస్టులో మా మేడమ్ ఎదుట నిలబడి నేనూ అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట అన్నాను.

మనం డిగ్రీ చదివిన చోట లైబ్రరీ గుర్తుందా? అద్దాల బీరువాలు, వాటికి తాళాలు, తాళాల గుత్తి ఉన్న పెద్దమనిషి ఎప్పుడు చూసినా భోజనానికి వెళ్లి ఉండడం. మూడేళ్లూ పుస్తకాల వెన్నులు చదివాం, లోపలి పేజీలు చూసింది లేదు. అక్కడి నుంచి ఒక్కసారిగా యూనివర్సిటీకి వచ్చి, తలుపులే లేని అల్మరాల మధ్య నిలబడేసరికి నా పని తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడిలా అయింది.

నా ప్రాజెక్టు కొరమేను మీద. నీళ్లలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ అది ఎన్నిసార్లు పైకి వచ్చి గాలి మింగుతుందో తొట్టి పక్కన కూర్చుని లెక్కపెట్టాలి. ఈ చేపకు మొప్పల పైన విడిగా ఒక గాలి గది ఉంటుంది. పైకి రాకుండా అడ్డం వల కడితే నిండా నీళ్లున్నా ఊపిరాడక చచ్చిపోతుంది. చేప నీళ్లలో మునిగి చావడమేమిటని నువ్వు అనుకుంటావు. అమ్మకు చెబితే మాత్రం ఆశ్చర్యపోలేదు. "సంచీలో వేసుకుని బస్సులో తెచ్చినా బతికే ఉంటుంది, దానికి నీ యూనివర్సిటీ కావాలా" అంది.

సరే, వైద్య, జీవశాస్త్ర వ్యాసాలు వెతికే సైటు పబ్‌మెడ్ తెరిచి, కొరమేను శాస్త్రీయ నామం "చన్నా స్ట్రయేటా" అని కొట్టాను. వచ్చినవన్నీ ఈ మధ్య వ్యాసాలు. గాయాలు త్వరగా మానడానికి కొరమేను సారం పనికొస్తుందా అని మలేషియా వాళ్లు రాసినవే బోలెడు. శ్వాస గురించి చెప్పుకోదగ్గవి అరచేతి వేళ్లు దాటలేదు. రెండు వారాలు తిప్పలు పడి, మన దేశంలో ఈ చేప శ్వాస గురించి ఎవరూ పట్టించుకోలేదని తేల్చేసుకుని, గొప్ప విషయం కనిపెట్టినవాడిలా మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "1950లలో ఈ చేపను ఏమని పిలిచేవారు?" అని ఒక్క ప్రశ్న వేశారు. కొరమేనే కదండీ అన్నాను. ల్యాబులో ఉన్న అందరూ నవ్వారు.

సంగతి ఏమిటంటే, 1793లో బ్లాక్ అనే జర్మన్ వైద్యుడు ఈ చేపకు ఒఫిసెఫాలస్ స్ట్రయేటస్ అని పేరు పెట్టాడు. ఒఫిసెఫాలస్ అంటే పాము తలది అని. కొరమేను తల చూసిన ఎవరికైనా ఆ పేరు సబబే అనిపిస్తుంది. అయితే దీని దగ్గరి బంధువులకు స్కోపోలి అనే ఆయన 1777లోనే చన్నా అని పేరు పెట్టి ఉన్నాడు. పొట్ట కింది రెక్కలు లేని చేపలు చన్నా, ఉన్నవి ఒఫిసెఫాలస్ అని చాలా కాలం వేరువేరుగా చూశారు. తరవాత రెండూ ఒకటే ప్రజాతి అని తేలింది. ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది నియమం కాబట్టి చన్నా నిలిచింది. పాత వ్యాసాలు మాత్రం పాత పేరుతోనే ఉన్నాయి. పైగా ఒఫిసెఫాలస్ అని కొందరు, మధ్యలో ఒక "ఓ" చేర్చి ఒఫియోసెఫాలస్ అని కొందరు. చన్నా స్త్రీలింగం కనుక స్ట్రయేటా అనాలి, స్ట్రయేటస్ అని వదిలేసినవాళ్లు ఇంకొందరు. కంప్యూటర్‌కు మాత్రం మనకున్నంత ఓపిక ఎక్కడిది? ఒక్క అక్షరం తేడా వస్తే దానికి అది వేరే చేప.

ఆ సాయంత్రం నాలుగు రూపాలనూ విడివిడిగా కొటేషన్ గుర్తుల్లో పెట్టి, మధ్యలో ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో "ఆర్" (ఇదైనా సరే, అదైనా సరే అని) రాసి మళ్లీ వెతికాను. జాబితా కిందికి దిగుతూనే ఉంది. నేను పుట్టకముందు నుంచీ జనం కొరమేనును తొట్టిలో పెట్టి లెక్కలు కడుతూనే ఉన్నారు బావా!

ఇప్పుడు నీ తుమ్మ సంగతి. నువ్వు దాని ఇప్పటి శాస్త్రీయ నామం వాచెలియా నిలోటికా అని వెతికి ఉంటావు, పందెం. పదిహేను ఇరవై ఏళ్ల కిందటిదాకా అది అకేసియా నిలోటికా. ఇంకా వెనక్కి వెళితే మన దేశపు పాత పుస్తకాల్లో అకేసియా అరబికా. 1753లో లిన్నేయస్ రాసినప్పుడు మైమోసా నిలోటికా. 2005లో వియన్నాలో వృక్షశాస్త్రవేత్తల మహాసభ జరిగినప్పుడు అకేసియా అన్న పేరును ఆస్ట్రేలియా చెట్లకు కట్టబెట్టారు. మన తుమ్మ పేరు మన దగ్గర లేకుండా పోయింది. ఈ నాలుగు పేర్లూ ఒక చీటీ మీద రాసుకుని వెళ్లు. పేర్ల లెక్క సరిచూసుకోవడానికి మొక్కలవాళ్లు మీకు లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర తోటవాళ్ల "ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్" ఉంది, చేపలవాళ్లం మాకు "ఎష్‌మేయర్ కేటలాగ్ ఆఫ్ ఫిషెస్" ఉంది. రెండూ ఉచితమే.

అల్మరాల్లోనూ ఇదే తంతు. లైబ్రరీలో పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలు వేసి సర్దే డ్యూయీ లెక్కలో 580 మొక్కలు, 590 జంతువులు, 597 చేపలు అని బట్టీపట్టాను. 597 దగ్గర నిలబడి చేపల పెంపకం పుస్తకం కోసం ఒక పూటంతా వెతికాను. చివరికి లైబ్రేరియన్ గారు జాలిపడి నన్ను హాలు అవతలి మూలకు తీసుకెళ్లారు. చేప చేపగా ఉన్నంతసేపూ 597 అట, చెరువులో వేసి పెంచితే 639 అట, వ్యవసాయం వరుసలో. ఆయనే ఇంకో రహస్యం చెప్పారు. 1996లో డ్యూయీ కొత్త కూర్పు వచ్చినప్పుడు జీవశాస్త్రం అంకెలను తిరగరాశారు. అంతకుముందు బయోకెమిస్ట్రీ, కణశాస్త్రం అన్నీ 574 కింద ఉండేవి, ఇప్పుడు బయోకెమిస్ట్రీ 572లో, కణశాస్త్రం 571లో. పాత పుస్తకాల వెన్ను మీది చీటీలు మార్చే తీరిక చాలా లైబ్రరీల్లో ఎవరికీ ఉండదు. అందుకని ఒకే విషయం పాత పుస్తకం ఒక చోట, కొత్తది ఇంకో చోట ఉంటుంది. మీ దగ్గర కూడా 574 ఒకసారి చూడు. దుమ్ముకు తుమ్ములు వస్తాయి, రుమాలు తీసుకెళ్లు.

జర్నళ్లకు డబ్బు కట్టాలేమోనని భయపడ్డావు. అక్కర్లేదు. 2025 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పెట్టింది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ యూనివర్సిటీలకూ కాలేజీలకూ తెరిచారు. మీది ప్రభుత్వ యూనివర్సిటీయే కాబట్టి నీకు హక్కు ఉంది. ఇంటి నుంచి చదవడానికి లాగిన్ ఇస్తారేమో లైబ్రరీలో అడుగు. నాకు లాగిన్ వచ్చిన మొదటి రాత్రి పెళ్లి విందులో కూర్చున్నట్టు కనిపించినదల్లా దించుకున్నాను. నూట నలభై వ్యాసాలు. ఈ రోజుకు చదివినవి పదకొండు.

నన్నడిగితే మొదట శోధ్‌గంగ తెరువు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు నడిపేది. దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఐదు లక్షలకు పైగా ఉన్నాయి, ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా. నేను ముందుగా తెరిచేది చివరి ఫైలు, సంప్రదించిన వ్యాసాల జాబితా. ఎవరో నాలుగేళ్లు చెప్పులు అరగదీసి ఏరిపెట్టినవి మనకు ఊరికే దొరుకుతాయి. మధ్య అధ్యాయాల నుంచి పేరాలు ఎత్తి రాసుకునే పని మాత్రం పెట్టుకోకు, సాఫ్ట్‌వేర్‌లో వేసి పట్టేస్తారు. మా సీనియర్ ఒకడు అలా దొరికిపోయి ఒక సెమిస్టర్ తల దించుకుని తిరిగాడు.

ఇది రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ల్యాబులో ఫాస్ఫరస్ అంచనా వేయడానికి ఫిస్కే–సుబ్బారో పద్ధతి చేస్తాం కదా. మాలిబ్డేట్ కలిపి, పరీక్షనాళికలో నీలం రంగు వచ్చేదాకా చూడడం. నాకు రంగు ఒక రోజు ముదురుగా, ఒక రోజు వెలవెలబోతూ వస్తోంది. రికార్డు పుస్తకంలో రాసిన విధానం మూడు తరాలుగా ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకున్నది, దాన్ని నమ్మడానికి లేదు. అసలు వ్యాసమే చూద్దామని "సుబ్బారావు" అని తోచిన స్పెల్లింగులన్నీ కొట్టాను. ఊహూఁ. ఆయన తన పేరును కలిపి రాసి చివర "డబ్ల్యూ" పెట్టేవారు! అదీకాక పబ్‌మెడ్‌లో ఎక్కువగా ఉండేవి 1940ల నుంచి వచ్చిన వ్యాసాలు, ఇదేమో 1925 నాటిది. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ, 66వ సంపుటం, 375వ పేజీ. నేరుగా జర్నల్ సైటుకు వెళ్లి, సంపుటం అంకె వేస్తే వచ్చేసింది, ఉచితంగా.

ఆ మొదటి పేజీ మీద ఆ పేరు చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. భీమవరంలో పుట్టిన మనిషి, హార్వర్డ్‌లో కూర్చుని చేసిన పని. మూడేళ్లు డిగ్రీలో ఆ పద్ధతి చేస్తూ ఆయన మన యల్లాప్రగడ సుబ్బారావు గారని నాకు తెలియదు. నీకు తెలుసా? తెలుసంటే నమ్మను.

ఇక పనికిరాని సరదా ఒకటి. "బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ" అని పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన సైటు ఉంది. అందులో పాట్రిక్ రస్సెల్ అనే దొర 1803లో అచ్చువేయించిన పుస్తకం చూడు, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు. చేపల పేర్లు మన జాలర్లు చెప్పినవి చెప్పినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ముట్టుకుంటే కరెంటు కొట్టే చేప పేరు "తిమిరి". చెయ్యి తిమ్మిరెక్కుతుంది కాబట్టి తిమిరి! కొరమేను వెతుకుతూ వెళ్లి రాత్రి రెండింటిదాకా సముద్రపు చేపలు చూస్తూ కూర్చున్నాను. పొద్దున క్లాసులో నిద్రపోయాను.

వచ్చే ఆదివారం విజయవాడ వెళ్తున్నాను. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేసి, అటునుంచి రామ్మోహన్ గ్రంథాలయం కూడా చూసి రావాలని ఉంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లందరినీ సమావేశపరిచిన చోటు. ఇన్నేళ్లూ దాని ముందు నుంచే సినిమాలకు పోయాం. నీకు వృక్షశాస్త్రం పాత పాఠ్యపుస్తకాలు కనబడితే కొంటాను, డబ్బు తరవాత ఇద్దువుగాని. తరవాత అంటే పోయినసారిలా కాదు.

చీటీ మీద నాలుగు పేర్లతో వెతికి ఏమి దొరికిందో రాయి. దసరాకు వస్తే అమ్మ కొరమేను పులుసు పెడతానంటోంది. తొట్టిలోవి కావులే, బజారువే. ఈ మధ్య నాకు మాత్రం ముక్క నోట్లో పెట్టుకోగానే నిమిషానికి ఎన్నిసార్లు గాలి మింగేదో లెక్క గుర్తొస్తోంది.

ఇట్లు,
క్లాసులో అందరూ పెట్టిన పేరుతోనే,
కొరమేను