మా అత్తగారికి వేసిన చేతుల కుర్చీ

సంపాదకుల వారికి నమస్కారం.

కోనసీమలో రిసార్టులు పెరిగాయనీ, పండగలకి గదులు దొరకడం లేదనీ పేపర్లలో ఏటా చదువుతున్నాను. మన గోదారిని చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తున్నారంటే నాకూ సంతోషమే. అయితే వచ్చినవాళ్లు అక్కడ ఏం తిన్నారు, ఎలా తిన్నారు, ఏ మనసుతో లేచారు అన్నది ఎవరూ రాయగా చూళ్లేదు. అందుకే ఈ ఉత్తరం. నేను పాలకొల్లులో 22 ఏళ్లు భోజనం మెస్సు నడిపాను. మోకాళ్లు సహకరించక మూసేసి నాలుగేళ్లయింది. విస్తరి ముందు కూర్చున్న మనిషి రెండో ముద్దకి మొహం ఎలా పెట్టాడో చూసి కూరలో లోపం పట్టుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే రాస్తున్నాను.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడు, పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, అందుకని ముక్కనుమ సాయంత్రం బయల్దేరాం. చించినాడ వంతెన దాటి, గోదారి పాయ వశిష్ఠ గట్టున ఉన్న ఒక పెద్ద రిసార్టులో రాత్రి భోజనానికి వెళ్లాం. దాని పేరు రాయను. అక్కడ పనిచేసే కుర్రాళ్లకి నా వల్ల ఇబ్బంది రాకూడదు.

భోజనాలన్నీ ఆరుబయటే. కొబ్బరిచెట్ల మధ్య పచ్చిక, పచ్చిక చివర నీళ్లలోకి దిగే మెట్లు. మేం వెళ్లేసరికి పోటు మొదలైంది, నీళ్లు ఒక్కో మెట్టే ఎక్కి వస్తున్నాయి. మా అత్తగారికి 84 ఏళ్లు. ఆవిణ్ని అక్కడున్న పొట్టి కుర్చీలో కూర్చోబెట్టడానికి తంటాలు పడుతుంటే ఒక కుర్రాడు దూరం నుంచి చూశాడు. మేం అడక్కుండానే లోపల ఆఫీసు గదిలోంచి చేతుల కుర్చీ మోసుకొచ్చాడు. పచ్చిక మెత్తగా ఉంది, కుర్చీ కాళ్లు దిగబడతాయని అడుగున ఒక చెక్క వేశాడు. చేత్తో రెండుసార్లు ఊపి చూసుకుని, అప్పుడు ఆవిణ్ని కూర్చోబెట్టాడు. "మామ్మగారూ, గాలి కొడితే చెప్పండి, ఇటు తిప్పుతాను" అన్నాడు. 22 ఏళ్లలో నా దగ్గర పనిచేసినవాళ్లలో ఇంత చూపున్న కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురికి మించి లేరు.

పండుగప్ప ముక్కల్ని అరిటాకులో చుట్టి కాల్చి, ఆకుతోనే తెచ్చి మా ముందు విప్పారు. ఆవిరి మొహానికి కొట్టింది. నాటుకోడి పులుసుతో గారెలు పెట్టారు. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ముక్కుకి తగలగానే, ఇది వండినవాడు ఈ నేల మనిషే అన్నాను. పిలిపిస్తే అంబాజీపేట వైపు వాడేనట. ఏడుగురికి బిల్లు గట్టిగానే అయింది. మా ఆయన ఒక్క మాట అనకుండా కట్టారు. తృప్తిగా తిన్న మనిషికి డబ్బు బరువనిపించదు.

అందుకే ఆగస్టు ఆఖర్లో మా పెళ్లిరోజుకి మళ్లీ అక్కడికే వెళ్దామన్నాను. గోదారికి ఎర్రనీరు వచ్చి ఉంది. ఫోను చేసి, రాత్రి 8 గంటలకి నీళ్ల పక్కన టేబులు కావాలని చెప్పాం, సరేనన్నారు. తీరా వెళ్తే అందులో వేరేవాళ్లు కూర్చుని ఉన్నారు. "రూముల్లో దిగినవాళ్లకే అక్కడ ఇస్తామండి, ఫోనులో మాట్లాడినాయన కొత్త" అన్నారు. 40 నిమిషాలు నిలబెట్టారు. మా అత్తగారు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. సంక్రాంతికి కుర్చీ తెచ్చిన కుర్రాడే దూరంగా ఆవిణ్ని గుర్తుపట్టి నవ్వాడు. కానీ రెండు చేతుల్లో పళ్లేలు, వెనక మూడు టేబుళ్ల వాళ్లు కేకలు. పాపం, మా వైపు రావడానికి వాడికి అరగంట పట్టింది. పండక్కి ఆ పచ్చిక మీద ఎనిమిది తొమ్మిది మంది తిరిగారు, ఆ రాత్రి ముగ్గురే. సీజను అయిపోగానే మనుషుల్ని తగ్గించారు. మెనూలో ధరలు మాత్రం అవే ఉన్నాయి.

బఫే పెట్టిన చోటు సరిగ్గా గోదారి గాలికి ఎదురు. పాత్రల కింద పెట్టే చిన్న దీపాలు ఆ గాలికి నిలుస్తాయా? నేను వరసగా వంగి చూశాను. 11 పాత్రల్లో 4 పాత్రల కిందే వెలుగుతున్నాయి. అన్నం పైన పెచ్చు కట్టింది. రొయ్యల ఇగురు చల్లారి, నూనె పైకి తేరి, మసాలా అడుక్కి దిగిపోయింది. వండినప్పుడు అది మంచి ఇగురే, సందేహం లేదు. వంటశాల నుంచి పచ్చిక దాకా నడిచి, అక్కడ గాలిలో గంట నిలబడి పాడైంది. దీపాల చుట్టూ మూడు వైపులా అడ్డు రేకు పెడితే చాలు. పెళ్లిళ్లలో వంటవాళ్లు పొయ్యికి తడిక అడ్డం పెట్టడం మనం చూడనిదా?

చినుకు పడి వెలిసింది. వెంటనే ఉసిళ్లు లేచాయి. బల్లల మీదే తెల్లగా మండే లైట్లు వేలాడుతున్నాయి, ఉసిళ్లన్నీ ఆ వెలుగుకి వచ్చి పళ్లేల్లో రాలడం మొదలెట్టాయి. మా మెస్సులో వానాకాలం ఇలాంటి రాత్రుల్లో తినేచోట దీపం తగ్గించి, పెరటి వైపు ఒక లైటు వేసి దాని కింద పళ్లెంలో నీళ్లు పోసి పెట్టేదాన్ని. పురుగంతా అక్కడికే పోయేది. పైసా ఖర్చు లేని పని. ఇన్ని లక్షలు పెట్టి తోట వేసినవాళ్లకి ఈ ముక్క చెప్పే మనిషి ఊళ్లో దొరకలేదా అని నిజంగా బాధేసింది.

ఇక పులస సంగతి. ఆ రోజు పులస ఉందని పలక మీద రాసి పెట్టారు. ధర రాయలేదు, అడిగి తెలుసుకోమన్నారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే నేల మనది, పైగా పెళ్లిరోజు. మా ఆయన ముచ్చటపడి తెప్పించారు. సముద్రంలో ఉన్నంతవరకూ దాన్ని విలస అంటాం. వరదకి ఎదురీది గోదారి నీళ్లు తాగాకే అది పులస అవుతుంది. నేను నా చేత్తో మట్టిదాకలో బెండకాయలేసి, ఆవకాయ నూనె పోసి ఎన్నిసార్లు ఆ పులుసు కాచానో లెక్కలేదు. ఇది నోట్లో పెట్టుకోగానే విలస అని తెలిసిపోయింది. పైగా అప్పటికప్పుడు వండి పోశారు. రాత్రి దించి తెల్లారాక తినాల్సిన పులుసది. ఇది పులసేనా బాబూ అని అడిగితే కుర్రాడు తల దించుకున్నాడు. వాణ్ని ఇంకేమీ అడగలేదు. ఆ పలక రాసింది వాడు కాదుగా. విలస అని రాసి విలస ధర తీసుకుంటే తప్పేముంది? విలసా మంచి చేపే. పులస పేరు చెప్పి అమ్మితే రేపు అసలు పులస పట్టిన జాలరి మాట కూడా ఎవరూ నమ్మరు.

మా పక్క టేబుల్లో విజయవాడ నుంచి వచ్చిన పెద్ద దంపతులు కూర్చున్నారు. శాకాహారులు. కోడికూరలో పెట్టిన గరిటె తీసి పప్పులో పెట్టడం ఆవిడ కళ్లారా చూసింది. ఇంక పెరుగన్నం కూడా ముట్టకుండా అరటిపండు తిని లేచింది. ఆ పక్కనే భీమవరం కుటుంబం ఒకటి ఉంది. వాళ్లు రూములో దిగారు, నీళ్ల పక్కన టేబులు. చేపలు వేడిగా వచ్చాయి, పిల్లలకి కారం తగ్గించి విడిగా వండించారు. ఇలాంటి చోటు ఎక్కడా చూళ్లేదని నాతోనే అన్నారు. వాళ్లు చెప్పింది నిజం, ఈవిడ పడ్డ బాధా నిజం. మధ్య దూరం నాలుగు గజాలు. జనవరిలో మేం కూర్చున్నది ఆ భీమవరం వాళ్ల చోట్లోనే. ఏ రోజు వెళ్లాం, ఎక్కడ కూర్చున్నాం, ఎవరి చేత ఫోను చేయించాం అన్నదాన్ని బట్టి మర్యాద మారితే, డబ్బు అందరి దగ్గరా ఒకటే ఎలా తీసుకుంటారు? నాకు మింగుడు పడనిది ఇదే.

బిల్లులో సర్వీసు చార్జీ 10 శాతం కలిపారు. ఈ విషయం మా అల్లుడు ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి అడిగాను. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటలువాళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో వేయకూడదు, ఇవ్వడం మన ఇష్టం. హోటళ్ల సంఘాలు కోర్టుకి వెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే నిలబెట్టింది. ఎక్కడైనా తీసేయనంటే 1915కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. మాకు తీసేశారు గానీ, మొహం మాడ్చుకుని తీసేశారు. ఆ డబ్బేదో కుర్రాళ్ల చేతికే ఇచ్చి వచ్చాం. మంచినీళ్ల సీసా మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ వేశారు. దాని మీద పేచీ పెట్టుకోలేదు, హోటళ్లు అలా అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. కానీ గోదారి ఒడ్డున కూర్చోబెట్టి, అడిగితే గానీ మామూలు మంచినీళ్లు ఇవ్వకపోవడం నా మనసుకి కష్టంగా ఉంది.

మా ఆడపడుచుది కోనసీమలోని పి.గన్నవరం. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన అక్విడక్టు (కాలువ వంతెన) మీదుగా వెళ్తాం. 1909లో పోయిన ఆ తల్లిని ఇప్పటికీ తలుచుకునేది, వేళ కాని వేళ ఏ లంక నుంచి ఎవరొచ్చినా కులం, గోత్రం అడక్కుండా ఆకేసి వడ్డించినందుకే. రిసార్టువాళ్లని ఉచితంగా పెట్టమని అడగడం లేదు. వ్యాపారం వ్యాపారమే, నేనూ చేశాను. ఫోనులో టేబులు ఒప్పుకున్నాక దాన్ని ఉంచాలి. రూముల్లో దిగినవాళ్లకే ఏ చోటు ఇస్తారో ముందే చెప్పాలి. చేపకి దాని పేరే రాయాలి, పక్కన ధర రాయాలి. శాకాహారానికి వేరే బల్ల, వేరే గరిటెలు పెట్టాలి. అన్నిటికంటే ముందు మనుషుల్ని పెంచాలి. ఆరుబయట వడ్డించే చోట నడకే సగం పని, నాలుగు టేబుళ్లకి ఒకడుంటే గానీ ఏదీ వేడిగా రాదు. చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకి నెల రోజులు పని నేర్పి ఏడాది పొడవునా జీతమిస్తే ఇటు పిల్లలకీ అన్నం, అటు అతిథికీ మర్యాద. పర్యాటక శాఖ అధికారులు గదులు, బోట్లు చూసినట్టే ఒక్క రాత్రి ముందు చెప్పకుండా వెళ్లి, మామూలు మనుషుల్లా వరసలో నిలబడి భోంచేసి రావాలని కోరుతున్నాను.

మేం లేచేటప్పటికి ఆ కుర్రాడు పరుగున వచ్చాడు. "మామ్మగారూ, ఆ కుర్చీ లోపల వేరేవాళ్లకి వేశారండి, తేలేకపోయాను" అన్నాడు. కారు దాకా ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించాడు. సంక్రాంతికి మళ్లీ అక్కడికే వెళ్దామని మా అత్తగారు ఇప్పట్నుంచే అడుగుతున్నారు. ఫోను చేసినప్పుడు ముందు ఆ అబ్బాయి ఇంకా అక్కడ పనిలో ఉన్నాడో లేదో కనుక్కుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాలకొల్లు.