బంగారమని అమ్మారు, లోపల ఇత్తడి ఉంది: లాట్ 212 జేబు గడియారంపై ఫిర్యాదు

వేలం సంస్థ మేనేజర్ గారికి,

విషయం: లాట్ 212 జేబు గడియారం గురించి కేటలాగ్‌లో తప్పుగా రాసినందుకు పూర్తి డబ్బు వాపసు కోరుతూ.

నమస్కారం.

గత నెల మీరు పెట్టిన ఆన్‌లైన్ వేలంలో లాట్ 212 నేను కొన్నాను. కేటలాగ్‌లో దానికి మీరు బోల్డ్ అక్షరాల్లో ఇచ్చిన శీర్షిక ఇది: "14 కేరెట్ల ఘన బంగారు హంటర్ కేసు జేబు గడియారం, అమెరికన్ తయారీ, 1890 ప్రాంతం, రైల్‌రోడ్ ప్రమాణాలకు తగినది." వీటిలో అమెరికన్ తయారీ అన్నది నిజం, హంటర్ కేసు (డయల్ మీద కూడా మూత ఉండే బయటి తొడుగు) అన్నది నిజం. మిగతావేవీ నిలబడలేదు.

ఇప్పటికి మీ కస్టమర్ కేర్‌కి మూడు మెయిళ్ళు పెట్టాను. మూడింటికీ ప్రధానంగా ఒకటే జవాబు: "వస్తువులు ఉన్నవి ఉన్నట్టుగా అమ్ముతాం, వాపసు ఉండదు." నేను రాసింది చదివి ఇచ్చిన జవాబులా లేదు. అందుకే విషయమంతా మొదటి నుంచి మీకే రాస్తున్నాను.

మా నాన్నగారు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ ఆయన చెయ్యి టైం చూసుకోవడం మర్చిపోలేదు, ఇప్పటికీ మర్చిపోలేదు. పాతకాలం రైల్వే వాళ్ళు వాడిన జేబు గడియారం ఒకటి ఆయన చేతిలో పెట్టాలని నాకు చాలా ఏళ్ళుగా కోరిక. మీ కేటలాగ్‌లో రైల్‌రోడ్ అన్న మాట చూసే ఆ లాట్ దగ్గర ఆగాను.

కళ్ళు మూసుకుని బిడ్ వేయలేదు. మీరు పెట్టిన తొమ్మిది ఫోటోల్లో డయల్ ఉంది, మూత మీద చెక్కిన పూలతీగ ఉంది, లోపలి యంత్రం ఉంది. వెనక మూత లోపలివైపు మాత్రం ఏ ఫోటోలోనూ లేదు. జేబు గడియారాల గురించి కాస్త తెలిసినవాళ్ళు ముందు చూసేది అక్కడే, ఎందుకంటే లోహం ఏమిటో చెప్పే ముద్ర సాధారణంగా అక్కడే ఉంటుంది. వేలానికి రెండు రోజుల ముందు ఆ ఫోటో కావాలని, కేసు ఘన బంగారమేనా చెప్పమని మీకు మెయిల్ పెట్టాను. "లోపల 14కె ముద్ర స్పష్టంగా ఉంది. మా నిపుణులు పరీక్షించి బంగారమని నిర్ధారించారు" అని జవాబు ఇచ్చారు. ఫోటో మాత్రం పంపలేదు. మీ మాట నమ్మి బిడ్ వేశాను.

పార్సిల్ వచ్చిన సాయంత్రం నాన్నగారే పెట్టె విప్పారు. ఎంతో ఇష్టంగా గడియారాన్ని తిప్పి తిప్పి చూశారు. గొలుసు తగిలించే కడియం దగ్గర ఆయన బొటనవేలు ఆగింది. "ఇక్కడ రంగు వేరేగా ఉందేంట్రా?" అన్నారు. చూస్తే కడియం ఒరుసుకునే చోట, బియ్యపుగింజంత మేర, బంగారు ఛాయ పోయి పచ్చటి ఇత్తడి బయటపడి ఉంది. మూత అంచున కీలు దగ్గర కూడా అలాగే సన్నటి గీతలా కనిపించింది. ఘన బంగారం ఎంత అరిగినా కింద బంగారమే ఉంటుంది కదా.

వెనక మూత తెరిచి భూతద్దం పెట్టి చూశాను. మీరు చెప్పిన 14కె ముద్ర ఉంది, అందులో అబద్ధం లేదు. కానీ దాని కిందే ఇంకో వరుస ఉంది: 25 సంవత్సరాల గ్యారంటీ అని. మీ నిపుణులు మొదటి వరుస చదివి రెండోది వదిలేశారు. ఈ మొత్తం గొడవకి మూలం అదే.

ఆ రెండో వరుసకి అర్థం మీకు తెలియనిది కాదు. పాత అమెరికన్ కేసుల మీద 20 ఏళ్ళు, 25 ఏళ్ళు అని గ్యారంటీ కనిపిస్తే అది గోల్డ్ ఫిల్డ్ కేసు. మధ్యలో ఇత్తడి లాంటి లోహం పెట్టి, రెండు వైపులా పల్చటి బంగారు రేకులు అతికించి చేస్తారు. పైరేకు అన్నేళ్ళలోపు అరిగి కింది లోహం కనపడదని కేసు చేసిన కంపెనీ ఇచ్చే హామీ అది. పైన రేకు లేని ఘన బంగారానికి అలాంటి హామీతో పనేముంది? గోల్డ్ ఫిల్డ్ కేసుని నేను చిన్నచూపు చూడటం లేదు. అందరూ కొనగలిగేలా చేసిన మంచి పని అది, చేసినవాళ్ళు ఉన్నదున్నట్టుగా ముద్ర కూడా వేశారు. ఇన్నేళ్ళ తర్వాత అందులో సగం చదివి అమ్మింది మీరు.

మీ మూడో మెయిల్‌లో అదనంగా నిపుణుడి రిపోర్టు అడిగారు, గీటురాయి మీద పరీక్షిస్తే 14 కేరెట్లు వచ్చిందనీ రాశారు. వస్తుంది. గీటురాయి మీద గీసేది పైపొరనే, ఆ పైపొర నిజంగానే 14 కేరెట్ల బంగారం. ఎక్స్‌రే మెషీన్ పెట్టినా అది చూసేది పైపైన కొద్దిపాటి మందమే. మీరు నిపుణుడి రిపోర్టు అడిగారు కాబట్టి, మీకు ముందుగా మెయిల్‌లో చెప్పే, అనుభవమున్న గడియారాల మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వెనక మూతని కీలు పిన్ను తీసి విడదీసి, ఒకసారి గాలిలో, ఒకసారి నీళ్ళలో ముంచి తూచారు. 14 కేరెట్ల బంగారం సాంద్రత 13 దగ్గర ఉంటుంది, ఇత్తడిది సుమారు 8.5. ఈ మూతది 9కి కాస్త పైన తేలింది. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను. మూత మళ్ళీ ఎలా ఉన్నది అలా బిగించారు, ఎక్కడా గీత పడలేదు.

సంవత్సరం సంగతి. మీరు కేసు మీది నంబర్ చూసి 1890 అని లెక్క కట్టినట్టున్నారు. ఆ రోజుల్లో వాల్తమ్, ఎల్జిన్ లాంటి కంపెనీలు యంత్రం తయారుచేస్తే, కేసు చాలావరకు వేరే కంపెనీలది. కొనేవాళ్ళు దుకాణంలో యంత్రం ఒకటి, కేసు ఒకటి ఎంచుకునేవారు. కేసు నంబర్‌కీ యంత్రం నంబర్‌కీ సంబంధం ఉండదు. సంవత్సరం తెలియాలంటే యంత్రం మీది నంబర్ చూడాలి. దాని ప్రకారం ఇది 1908 నాటిది. ఆ నంబర్ మీ ఆరో ఫోటోలోనే చక్కగా కనిపిస్తోంది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది రైల్‌రోడ్ అన్న మాట. 1891 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఇంజిన్ డ్రైవర్ గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడవడమే కారణమని చెబుతారు. ఆ తర్వాతే వెబ్ సి. బాల్ అనే గడియారాల వ్యాపారి చొరవతో రైల్వే గడియారాలకు గట్టి నిబంధనలు వచ్చాయి. డయల్ మీద మూత ఉండకూడదు, కనీసం 17 జువెల్స్ (యంత్రం అరగకుండా బేరింగులుగా పెట్టే చిన్న రాళ్ళు) ఉండాలి, వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు, కీ ఇచ్చేటప్పుడు పొరపాటున ముల్లు కదలకుండా టైం మార్చడానికి విడిగా లివర్ ఉండాలి. మీరు పంపిన గడియారం చూడండి. డయల్ మీద మూత ఉంది, అది తీస్తే గానీ టైం కనపడదు. యంత్రం మీద 15 జువెల్స్ అని చెక్కి ఉంది. కీ ఇచ్చే గుండీనే పైకి లాగి టైం మారుస్తాం. పైగా మీరు రాసిన 1890 నిజమే అనుకున్నా, అప్పటికి ఆ ప్రమాదమే జరగలేదు, ఆ నిబంధనలే లేవు. ఈ శీర్షిక రాసినవాళ్ళు ఒక్కసారి వెనక్కి చదువుకుని ఉంటే ఈ తప్పు దొరికేది.

ఇక "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మీ నిబంధన. డయల్ మీద గీత ఉందనో, అద్దం పగిలిందనో, గడియారం రోజుకి పది నిమిషాలు వెనక పడుతోందనో నేను రాలేదు. అవి కండిషన్‌కి సంబంధించినవి, పాత వస్తువు కొనేటప్పుడు వాటికి సిద్ధపడే కొంటాం. నిజానికి యంత్రం బాగా నడుస్తోంది. నేను అడుగుతున్నది ఆ వస్తువు అసలు ఏమిటన్నది. మీ నిబంధనల పేజీలోనే, బోల్డ్ శీర్షికలో రాసిన వివరాలకు సంస్థ హామీ ఉంటుందని, తప్పు ఉంటే 21 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలపాలని ఉంది. పార్సిల్ అందిన ఆరో రోజే నేను తెలిపాను. మీ వాళ్ళు ఆ నిబంధన ఊసే ఎత్తడం లేదు.

నాకు కావలసింది డబ్బు మొత్తం వెనక్కి. హ్యామర్ ధర, అంటే వేలంలో పాట ఆగిన ధర, ఒక్కటే ఇస్తే ఒప్పుకోను. దాని మీద కొన్నవాళ్ళ దగ్గర మీరు అదనంగా వసూలు చేసిన బయ్యర్స్ ప్రీమియం, షిప్పింగ్, ఇన్సూరెన్స్, మీరు అడిగారని చేయించిన పరీక్ష ఖర్చు కూడా కలిపి ఇవ్వాలి. ఇంకోటి, మీ వెబ్‌సైట్‌లో పాత వేలాల ఫలితాల్లో లాట్ 212 ఇప్పటికీ "ఘన బంగారం" అనే ఉంది. దాన్ని వెంటనే సరిచేయండి. రేపు ఇలాంటి గడియారం కొనాలనుకునేవాళ్ళు, అమ్మాలనుకునేవాళ్ళు ఆ పేజీ చూసే ధర అంచనా వేసుకుంటారు. దానివల్ల ఇంకొకరు మోసపోవడం నాకు ఇష్టం లేదు.

మీ కేటలాగ్ పేజీ, వేలానికి ముందు మీరిచ్చిన జవాబు, రెండు వరుసల ముద్ర ఫోటో, ఇత్తడి బయటపడ్డ చోటి ఫోటో, మెకానిక్ సంతకం చేసిన రిపోర్టు, బిల్లులు ఈ లేఖతో జతచేశాను. గడియారం మీరు పంపిన పెట్టెలోనే ఉంది. మీ ఖర్చుతో, ఇన్సూరెన్స్ చేయించి మనిషిని పంపితే రసీదు తీసుకుని అప్పగిస్తాను. పది పనిదినాల్లోగా పేరు, హోదా ఉన్న అధికారి నుంచి జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
లాట్ 212 కొనుగోలుదారు