సూర్యలంక పోయేవాళ్లకు ఒక మాట: బాయి ఈత సముద్రంలో పనికిరాదు

సంపాదకులకు,

ఎండకాలం సెలవుల్లో మిర్యాలగూడ అడ్డా మీదికి వచ్చి కారు మాట్లాడుకునేవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే బీచ్‌ల పేర్లు: సూర్యలంక, వాడరేవు. అడిగే తీరు కూడా ఒక్కటే. శనివారం రాత్రి తిని బయలుదేరాలి, తెల్లారేసరికి సముద్రం కనపడాలి, మధ్యాహ్నం దాకా మునగాలి, ఆదివారం పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. రూము కిరాయి మిగులుతుందని వాళ్ల లెక్క. ఆ మిగులు కోసం రాత్రంతా నిద్రలేని డ్రైవరు చేతిలో కుటుంబాన్ని పెడుతున్నారు. నిద్రలేని ఒంటితోనే అలల్లోకి దిగుతున్నారు. ఈ దారిలో బండ్లు నడిపేవాళ్లంగా నాలుగు సంగతులు మీ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాం.

ముందు దారి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద నల్లగొండ, మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన ఎక్కితే అవతల పొందుగుల. దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట దాకా అదే రోడ్డు. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల. అక్కడినుంచి వాడరేవు ఏడెనిమిది కిలోమీటర్లు కూడా లేదు. సూర్యలంకకైతే బాపట్ల పోవాలి, ఊరినుంచి తీరం 9 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి ఎటు పోయినా 200 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. టిఫినుకు ఆగడంతో కలిపి అయిదు గంటలు పెట్టుకోండి. రానుపోను, అక్కడ తిరిగేది కలిపితే 460 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే బండికి 31 లీటర్లు పడుతుంది. కిరాయి మాట్లాడేముందు ఈ లెక్క మీరే వేసుకుంటే బేరం తేలిక.

ఈ రోడ్డు రాత్రిపూట మంచిది కాదని చెప్పడానికి కారణం ఉంది. దామరచర్ల, వాడపల్లి, దాచేపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, మిర్యాలగూడలో రైసుమిల్లులు. రాత్రయితే లారీలదే రాజ్యం. వెనక లైటు కూడా లేకుండా రోడ్డు అంచున ఆపిన లారీ, మూసుకుపోతున్న కన్ను, తెల్లవారుజామున 3 గంటల వేళ: ఈ మూడూ కలిస్తే చాలు. పొద్దున 4.30కి బయలుదేరితే వెలుతురులోనే కృష్ణ దాటుతారు.

టైరు గాలి ఇంటి దగ్గరే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించండి. ఎండకు టైరు పేలుతుందని కొందరు గాలి తగ్గించి కొట్టిస్తారు. అది తలకిందుల తెలివి. గాలి తక్కువైతే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి, పేలేది అప్పుడే. దారిలో వేడి మీద కొలిస్తే గాలి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి తీసేయొద్దు. ఇంకొకటి, ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారులకే చెల్లుతుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రాష్ట్ర రహదారిగా వేసిన రోడ్డు కాబట్టి మాడుగులపల్లి టోల్ దగ్గర పాస్ చూపించి వాదించే బదులు ఫాస్టాగ్‌లో డబ్బులు ఉంచుకోండి.

కిరాయి బండైతే పసుపు బోర్డు చూసి ఎక్కండి. ఆంధ్రకు పోవడానికి పర్మిటు ముందే కట్టారా, లేక ఆలిండియా టూరిస్టు పర్మిటు ఉందా అని అడగండి. నాలుగు వందలు తక్కువని తెలిసినవాళ్ల తెల్ల బోర్డు బండి మాట్లాడుకుంటే, జరగరానిది జరిగినప్పుడు సొంత బండిని కిరాయికి తిప్పారని బీమా కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఇక్కడి మందు సీసాలు డిక్కీలో వేసుకుని పొందుగుల దాటించే పని అసలే పెట్టుకోవద్దు. తనిఖీలో దొరికితే కేసు, బండి సీజ్, విహారమంతా స్టేషన్ ముందర.

రైలు, బస్సుల సంగతి క్లుప్తంగా. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ నల్లగొండ, మిర్యాలగూడల్లో ఆగి గుంటూరు, తెనాలి మీదుగా బాపట్ల, చీరాల లైనులోనే పోతుంది గాని, సాయంత్రం ఇక్కడ ఎక్కితే అర్ధరాత్రి అక్కడ దింపుతుంది. పిల్లలతో పోయేవాళ్లకు ఆ వేళ పనికిరాదు. తిరుపతి వందేభారత్ పొద్దున్నే నల్లగొండలో దొరుకుతుంది. అది బాపట్లలో ఆగదు. గుంటూరులో దిగి పొన్నూరు మీదుగా 50 కిలోమీటర్లు బస్సులో పోవచ్చు. ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం రాష్ట్ర సరిహద్దు దాకే. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం అక్కడి గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకు. కాబట్టి అవతలి టికెట్ డబ్బులు లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు అసలు ముచ్చట. సముద్రంలో భయపడాల్సింది ఈత రానివాళ్ల గురించి అనుకుంటాం. ఈత రానివాడు మోకాలి లోతు దాటడు. బెండు కట్టుకుని బాయిలో నేర్చినవాడు, సాగర్ ఎడమ కాలువకు ఎదురీదినవాడు, వాడే లోపలికి పోతాడు. బాయి నీళ్లు కదలవు. కాలువ నీళ్లు ఒకే దిక్కు పారుతాయి, గట్టు ఎప్పుడూ పది బారల దూరంలో ఉంటుంది. సముద్రం నీళ్లు ఒడ్డుకు వస్తూ, తిరిగి పోతూ, పక్కకు జరుగుతూ ఉంటాయి. ఈదేవాడి బలం అక్కడ లెక్కలోకి రాదు.

మనిషిని ఒడ్డునుంచి లోపలికి తీసుకుపోయే ఈ లాగుడు ఎట్లా పుడుతుందో మన రైతులకు చెప్పడం తేలిక. మడికి నీళ్లు నిండుగా పెట్టినప్పుడు గట్టంతా నిలిచి, గండి పడ్డ ఒక్కచోటినుంచి నీళ్లు తోసుకుపోతాయి కదా. సముద్రంలో ఇసుక తిన్నెలే ఆ గట్టు. అలలు నీళ్లను తిన్నె మీదుగా ఒడ్డుకు తోస్తాయి. ఆ నీళ్లన్నీ తిన్నెల మధ్య ఉన్న సందులోంచి వెనక్కి పోతాయి. ఆ సందులో నిలబడ్డవాడి కాళ్లకింద ఇసుక కరిగిపోతుంది, మనిషి లోపలికి జరిగిపోతాడు. చూసేవాళ్లకు ఆ చోటు ప్రశాంతంగా కనపడటమే మోసం. అటూఇటూ తెల్లగా అలలు విరుగుతుంటే అక్కడ మాత్రం విరగవు, నీళ్లు కాస్త ముదురు రంగులోనో, ఇసుక కలిసి బురదగానో ఉంటాయి, నురుగు లోపలికి పోతూ కనపడుతుంది. ‘ఇక్కడ అలలు లేవు, పిల్లల్ని ఇక్కడ దింపుదాం’ అనుకునే చోటు అదే. దిగేముందు ఒడ్డున నిలబడి పది నిమిషాలు చూడండి.

చిక్కితే ఒడ్డువైపు ఈదొద్దు. బాయి ఈతగాడు చేసే తప్పు ఇదే, నీటికి ఎదురీది రెండు మూడు నిమిషాల్లో దమ్ము పోగొట్టుకుంటాడు. లాగుడు లోపలికి తీసుకుపోతుంది గాని కిందికి ముంచదు. వెల్లకిలా తేలి చెయ్యెత్తండి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. ఆ సందు సాధారణంగా వెడల్పు తక్కువే ఉంటుంది, దాటాక అలలు విరిగే చోటినుంచి అవే ఒడ్డుకు తోస్తాయి. కాపాడబోయేవాళ్లు ఒట్టి చేతులతో దూకొద్దు. ఒకరికోసం పోయి ఇద్దరు ముగ్గురు మునగడం ఇట్లాగే జరుగుతుంది. గాలి నింపిన కారు ట్యూబు ఒకటి, 20 మీటర్ల నైలాన్ తాడు ఒకటి బండిలో వేసుకుపోండి. రెండూ లేకపోతే మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల డబ్బా విసిరినా పట్టుకుని తేలవచ్చు. మెరైన్ పోలీసులు, గజఈతగాళ్లు ఉన్న చోటే దిగాలి. వాళ్లు వద్దన్న చోట ‘మాకు ఈత వచ్చు’ అని చెప్పడం మానుకోవాలి. పిల్లలు మోకాలి దాకా, పెద్దలు నడుము దాకా. తాగినవాళ్లు ఒడ్డునే.

అమావాస్య, పున్నమి దగ్గరి రోజుల్లో పోటు ఎక్కువ. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది, రోజురోజుకు వేళ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ పొద్దున 7కు పోటయితే రేపు 7.50కి. నీళ్లు తీస్తున్నప్పుడు లాగుడు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ వేళ తెలుసుకుని పోవాలి. మన క్యాలెండర్లో తిథి ఎట్లాగూ చూస్తాం, దానికి ఇంకొక ఉపయోగం ఇది.

ఎండ సంగతి. సముద్రం పక్కన చల్లగా ఉంటుందని నమ్మి రోహిణి కార్తెలో పోయేవాళ్లున్నారు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే నిజంగానే చల్లబడుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రాదు. అప్పుడు బాపట్ల మన నల్లగొండకు తీసిపోదు, పైగా ఉక్కపోత. మన దగ్గర చెమట ఆరిపోతుంది, అక్కడ ఆరదు, ఒంట్లో వేడి దిగదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు అంతకు మించొద్దు. దారికి పెరుగన్నం కంటే పులిహోర, జొన్నరొట్టె–వెల్లుల్లి కారం నిలుస్తాయి.

మా లెక్కన కుదురైన పద్ధతి ఇది: మొదటి రోజు పొద్దున 10 లోపు బాపట్ల చేరి, ఊరికి పేరు తెచ్చిన భావనారాయణస్వామి గుడి మూసేలోపు చూడటం. రూములో నడుం వాల్చి సాయంత్రం 4.30 నుంచి 6 దాకా నీళ్లు. రెండో రోజు అయిదున్నర దాటగానే సూర్యోదయం, 8.30 దాకా స్నానం, మంచినీళ్లతో మళ్లీ స్నానం, 9.30కి బండి. మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లో ఉంటారు. సూర్యలంకలో పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉంది గాని మే నెల శని, ఆదివారాలు ముందే నిండిపోతాయి. బాపట్ల, చీరాల ఊళ్లలో లాడ్జీలు చూసుకోండి, లేదా సోమ–గురువారాల్లో పోండి. పెద్దవాళ్లందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు ఉండాలి. కారును ఇసుకలోకి దింపకండి. కూరుకుపోతుంది, ఉప్పునీళ్లు కింది ఇనుమును తింటాయి.

చేపల మీద ఆశ పెట్టుకుని పోయేవాళ్లకు ఒక విషయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఇంజిన్ లేని నాటు పడవలు తెచ్చిందే తాజా సరుకు. ‘ఇప్పుడే సముద్రంలోంచి వచ్చింది’ అని ఆ రోజుల్లో పెద్ద వంజరం చూపిస్తే ఐసుపెట్టెలోంచి వచ్చిందనుకోండి. రొయ్యలు చాలామటుకు చెరువులవి, తప్పేం లేదు, తల నల్లబడనివి తీసుకోండి. చేపకు మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బుగా ఉండాలి. తూకం కోయకముందు, ధర వండకముందు.

వాడరేవు వైపు పోయినవాళ్లు వేటపాలెంలో జీడిపప్పు కొంటారు. అదే ఊళ్లో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, ఎవరూ అటు చూడరు. ఇంకొంచెం దక్షిణంగా మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244లో శాసనం వేయించిన రేవు. ఓరుగల్లు ఏలిన రాజు రేవు ఇది, తెలంగాణ బండ్లు ఆగాల్సిన చోటు.

పాలమూరు వాళ్లది వేరే లెక్క. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ చేరడానికే నాలుగు గంటలు. రెండు రోజుల్లో పోయిరావాలనుకోవద్దు, మూడు రోజులు లేకపోతే మానుకోవడమే మేలు.

మే నెలలో తుపాన్లు కూడా వస్తాయి. 2010 మే 20న లైలా తీరం దాటింది బాపట్ల దగ్గరే. సముద్రం నడిమధ్య వాయుగుండం ఉన్నా ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, అల మాత్రం పెరుగుతుంది. ప్రమాదం జరిగినా, అలలు పెరిగినా అధికారులు బీచ్‌లు మూసేస్తారు. ఆ సంగతి బాపట్ల పేజీలో వస్తుంది, నల్లగొండ పేజీలో రాదు. ఇక్కడివాళ్లకు గేటు దగ్గర తెలుస్తుంది. కొందరు వెనక్కి రాక, కాపలా లేని పక్క ఊళ్ల తీరాల్లో దిగుతారు.

అలల హెచ్చరికలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లోనే. కాబట్టి మా విన్నపం ఒక్కటి: ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రతి శుక్రవారం మీ నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ పేజీల్లో మూడు లైన్లు వేయండి. శని, ఆదివారాల్లో పోటు వేళలు, అలల హెచ్చరిక ఉందా, సూర్యలంక, వాడరేవు, రామాపురం తీరాలు తెరిచి ఉన్నాయా. పెట్రోలు ధర వేసే చోటు పక్కన చాలు. కత్తిరించి డాష్‌బోర్డు మీద అంటించుకుంటాం.

— కార్ల అడ్డా డ్రైవర్లు,
మిర్యాలగూడ