ఝాన్సీకి ఒక గంట చాలదు

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం సంచికలో ఉత్తరాది యాత్రల గురించి వేసిన వ్యాసంలో ఝాన్సీకి దక్కినవి మూడంటే మూడు వాక్యాలు. రైలు దిగండి, గంటలో కోట చూసేయండి, ఓర్ఛా మీదుగా ఖజురాహో వెళ్లిపోండి అన్నారు. రామచంద్రాపురం నుంచి బీహెచ్‌ఈఎల్‌ ఝాన్సీ యూనిట్‌కు బదిలీ మీద వెళ్లి, పిల్లల స్కూలు చదువులు అక్కడే పూర్తి చేయించినవాణ్ణి. ఆ ఊరి ఉప్పు తిన్నాను కాబట్టి ఊరుకోబుద్ధి కాలేదు.

మనవాళ్లకు ఝాన్సీ మరీ పరాయిదేం కాదు. ఆడపిల్లలకు ఆ ఊరి పేరే పెట్టుకున్నాం. ఢిల్లీ వెళ్లే తెలంగాణ, దక్షిణ్‌ ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగుతాయి కూడా. అయినా మనలో చాలామంది చూసిన ఝాన్సీ ప్లాట్‌ఫాం మీద టీ తాగినంతసేపే. (2021 చివర్లో స్టేషన్‌ పేరు వీరాంగన లక్ష్మీబాయి ఝాన్సీగా మారింది, కోడ్‌ కూడా మారింది. టికెట్‌ బుక్‌ చేసేటప్పుడు కంగారు పడకండి.)

కోట సంగతే తీసుకోండి. ఓర్ఛా రాజు బీర్‌సింగ్‌ దేవ్‌ 1613లో గుట్ట మీద కట్టించింది. మా చుట్టాలు ఎవరొచ్చినా నేనే వెంటపెట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి. గైడ్లు అందరినీ తిన్నగా రాణి గుర్రంతో దూకిందని చెప్పే బురుజు దగ్గరికి నడిపిస్తారు, ఫొటోలయ్యాక కిందికి దించేస్తారు. అదే కోటలో ఫిరంగి దళం నడిపిన గులాం గౌస్‌ ఖాన్‌, ఖుదా బక్ష్‌, మోతీబాయిల సమాధి ఉంది. 1858 మార్చిలో బ్రిటిష్‌ జనరల్‌ హ్యూ రోజ్‌ సైన్యం ముట్టడించినప్పుడు గోడల మీద నిలబడినవాళ్లు వీళ్లు. అక్కడ ఆగేవాళ్లు తక్కువ. ‘కడక్‌ బిజ్లీ’ ఫిరంగి పక్కన సెల్ఫీ దిగిన కుర్రాళ్లు కూడా దాన్ని పేల్చిన గౌస్‌ ఖాన్‌ సమాధి దాటుకుని వెళ్లిపోతారు. మీ వ్యాసంలో మరో పొరపాటు: రాణి ఝాన్సీ కోటలోనే వీరమరణం పొందినట్టు రాశారు. ఆమె ఏప్రిల్‌ మొదట్లో రాత్రిపూట కోట దాటి కాల్పీ చేరింది. ప్రాణాలు విడిచింది జూన్‌లో, గ్వాలియర్‌లో. దయచేసి సవరణ వేయండి.

కోట దిగాక ఊరు మొదలవుతుంది. పాత ఊరి ప్రాకారానికి దతియా దర్వాజా, ఓర్ఛా దర్వాజా, ఖండేరావ్‌ దర్వాజా అని ఎన్నో ద్వారాలు. కొన్ని ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, కింద నుంచి ఆటోలు పోతుంటాయి. బజారు మధ్యలో రాణీ మహల్‌. దాని పైకప్పు మీది రంగుల పూల బొమ్మలు తల ఎత్తి చూడాలి. పట్టాల అవతల సిప్రీ బజార్‌ వైపు వెళ్తే గుట్ట మీద హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్‌ విగ్రహం. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు తెచ్చిన మనిషి పెరిగిందీ ఇక్కడే, 1979లో పోయాక దహనం చేసిందీ ఇక్కడి హీరోస్‌ గ్రౌండ్‌లోనే. 1975 ప్రపంచకప్‌ ఫైనల్లో గెలుపు గోల్‌ కొట్టిన అశోక్‌కుమార్‌ ఆయన కొడుకే. హాకీ అంటే ఇష్టమున్నవాళ్లకు ఇంతకన్నా పుణ్యక్షేత్రం ఏముంటుంది?

అందమైన ఊరని మాత్రం నేననను. ఎలైట్‌ చౌరాహా (కూడలి) దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దేవుడే దిక్కు. రైల్వే, మిలిటరీ కంటోన్మెంట్‌, మా ఫ్యాక్టరీ లాంటివి తప్ప పెద్ద ఉద్యోగాలు లేవు, చదువుకున్న పిల్లలు ఢిల్లీ బండెక్కేస్తారు. అన్నిటికీ మించి నీళ్లు. ఝాన్సీ ఉన్న బుందేల్‌ఖండ్‌ ప్రాంతమంతా రాతి నేల, వాన నీరు ఇంకదు. బేత్వా నది మీద మాతాటీలా డ్యాం నుంచి తాగునీళ్లు తెచ్చినా వేసవిలో కటకటే. పాత ఊళ్లో ఉండే మా తోటి ఉద్యోగులు మే నెలలో ట్యాంకర్‌ వచ్చే వేళను బట్టి షిఫ్టులు మార్చుకునేవాళ్లు. ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఉన్న మాకు ఆ టెన్షన్‌ తెలిసేది కాదు.

అందుకే వేసవి సెలవుల్లో వెళ్లమని మీరిచ్చిన సలహా అసలు పనికిరాదు. ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో కోట రాళ్ల మీద పిల్లలు నడవలేరు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లమనండి. ఒక రాత్రి ఝాన్సీలోనే ఉండి, పొద్దున్నే కోట చూసి, మధ్యాహ్నం పాత ఊరు తిరిగి, మర్నాడు ఓర్ఛా వెళ్తే సరిపోతుంది. అది పక్క రాష్ట్రం మధ్యప్రదేశ్‌లో ఉన్నా, బస్టాండ్‌ దగ్గర షేర్‌ ఆటో ఎక్కితే ఎక్కువసేపు పట్టదు.

- ఒక విశ్రాంత ఉద్యోగి, రామచంద్రాపురం, సంగారెడ్డి జిల్లా