దసరా తర్వాత మా దగ్గర ఎస్‌ఎస్‌డీ కొన్నవాళ్లకి

దసరా తర్వాత విజయనగరంలోని మా షాపులో 512 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (కంప్యూటర్లో ఫైళ్లు దాచే డిస్కు) కొన్నవాళ్లందరూ ఇది ఆఖరిదాకా చదవండి. ఆ డిస్కు పాత లాటులో ఒక రకం చిప్ ఉండేది, కొత్త లాటులో ఇంకో రకం వచ్చింది. డబ్బా అదే, మోడల్ నంబరు అదే, వారంటీ కార్డూ అదే. లోపల మాత్రం టీఎల్‌సీ అనే రకం పోయి, దానికంటే నెమ్మదైన క్యూఎల్‌సీ అనే రకం చేరింది. సరుకు వేసే డీలరు ఈ మాట మాకు చెప్పలేదు. అడిగాక కూడా వెంటనే ఒప్పుకోలేదు. ఈ సంగతి మీకు బయట ఎవరో చెప్పగా తెలియకూడదు, అందుకే మేమే రాస్తున్నాం.

ముందుగా ఒక భయం తీరుద్దాం. ఇవి నకిలీ డిస్కులు కావు. పైన 512 అని చూపిస్తూ లోపల 64 జీబీయే ఉండే మోసపు సరుకు కూడా బజార్లో తిరుగుతోంది, ఇది అలాంటిది కాదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కు మొత్తం నింపి, రాసిందంతా తిరిగి చదివించి చూశాం. చోటు పూర్తిగా ఉంది, ఒక్క బైటు కూడా తేడా రాలేదు. మీ ఫైళ్లకి వచ్చిన ముప్పేమీ లేదు. లోపమంతా పెద్ద ఫైళ్లు రాసేటప్పటి వేగంలోనే ఉంది.

అదెలా జరుగుతుందో వివరంగా చెప్పాలి. ఎస్‌ఎస్‌డీలో డేటా ఉండేది ఫ్లాష్ మెమరీ గడుల్లో. గడికి 3 బిట్లు పెడితే టీఎల్‌సీ, 4 పెడితే క్యూఎల్‌సీ. 3 బిట్లకి గడిలో 8 వోల్టేజి మెట్లు సరిపోతాయి, 4 బిట్లకి 16 కావాలి. మెట్లు ఇరుకయ్యేకొద్దీ ఒక్కోదాన్ని గురి చూసి రాయడానికి ఎక్కువ సమయం పడుతుంది, గడి కూడా తొందరగా అరుగుతుంది. ఆ ఆలస్యం కనపడకుండా డిస్కుని నడిపే కంట్రోలరు చిప్ ఖాళీ గడుల్లో ముందు ఒక్కొక్క బిట్టే పెట్టి గబగబా రాసేస్తుంది, తీరిక దొరికినప్పుడు నాలుగేసి చొప్పున సర్దుకుంటుంది. దీన్ని ఎస్‌ఎల్‌సీ క్యాషే అంటారు. లారీ రాగానే బస్తాలు మిల్లు వసారాలో దించేసి, లారీ వెళ్లాక గోదాములో నెట్టు కట్టుకోవడం లాంటిది ఇది. వసారా నిండిపోతే లారీ ఆగాల్సిందే.

512 జీబీ క్యూఎల్‌సీ డిస్కు మొత్తం ఖాళీగా ఉంటే అందులో నాలుగో వంతు, అంటే 128 జీబీ దాకా ఇలా వాడుకునే వీలుంది. అదే డిస్కులో 400 జీబీ నిండితే మిగిలిన చోటులో నాలుగో వంతు 28 జీబీయే. ఎంత వాడాలన్నది ఆయా కంపెనీలు డిస్కు లోపల పెట్టే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ చేతిలో ఉంటుంది గానీ, ఇంతకు మించి మాత్రం రాదు. బిగించిన రోజు పరుగెత్తిన డిస్కు నెలలు గడిచాక కుంటడానికి కారణం ఇదే. ఫిర్యాదులు ముందు పెళ్లి వీడియోల స్టూడియోల నుంచే ఎందుకొచ్చాయో కూడా దీంతోనే అర్థమవుతుంది.

మా టేబుల్ మీద రెండు లాట్లనూ సగం సగం నింపి, ఎన్‌వీఎంఈ డిస్కు (సాటా కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ) నుంచి ఒకే 150 జీబీ వీడియో ఫోల్డరు కాపీ పెట్టాం. రెండూ సెకనుకి 450 ఎంబీ దగ్గర మొదలయ్యాయి. పాత లాటు క్యాషే దాటాక కూడా 300 పైనే నిలబడింది. కొత్త లాటు 60కి పడిపోయి ఆఖరిదాకా అక్కడే పాకింది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే డిస్కు యాక్టివ్ టైమ్ 100 శాతం, రాసే వేగం మాత్రం 60 ఎంబీ. ఆ సమయంలో బ్రౌజరు తెరిచినా, టాలీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒక ఎంట్రీ వేసినా స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఈమధ్య తయారైన మామూలు హార్డ్ డిస్కే ఇంతకంటే వేగంగా రాస్తుంది.

ఇది డీలరుకి చెబితే జవాబుగా క్రిస్టల్ డిస్క్ మార్క్ అనే వేగం కొలిచే సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్ పంపారు, 540 ఎంబీ వస్తోంది చూడండి అని. ఆ సాఫ్ట్‌వేర్ మంచిదే, మేమూ వాడతాం. కానీ సెట్టింగు మార్చకపోతే అది 1 జీబీ ఫైలుతోనే పరీక్షిస్తుంది. 1 జీబీ ఎప్పుడూ క్యాషేలోనే సరిపోతుంది కాబట్టి ఎంత నాసి డిస్కైనా అందులో నెగ్గేస్తుంది. ఆ బొమ్మ చూపించి అమ్మేవాళ్లు ఎక్కడ కనిపించినా ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

తర్వాత, డబ్బా మీద టీఎల్‌సీ అని రాసుందా అని డీలరు మమ్మల్ని అడిగారు. లేదు, 3డీ నాండ్ అని మాత్రమే ఉంది. నాండ్ అంటే ఫ్లాష్ మెమరీయే. 3డీ అంటే గడుల్ని అంతస్తులుగా పేర్చారని అర్థం. గడికి ఎన్ని బిట్లో దాన్నిబట్టి తెలియదు. అయితే మొదటి లాటు వేసినప్పుడు ఆయనే మాకు పంపిన డేటాషీట్‌లో టీఎల్‌సీ అని స్పష్టంగా ఉంది. ఆ మాట మీదే మేం మీకు అమ్మాం. దానికి ఆయన దగ్గర సమాధానం లేదు. ఇక బాగా నొప్పించింది, విజయనగరంలో ఇవన్నీ చూసేదెవరు అన్న ఆయన ధోరణి. ఈ ఊళ్లో, బొబ్బిలిలో, చీపురుపల్లిలో, రాజాంలో 4కే వీడియోలు దింపుకుంటూ రాత్రంతా పనిచేసే స్టూడియోలున్నాయి. ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు వర్చువల్ మెషీన్లు (కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరులా నడిచేవి) నడుపుకునే జేఎన్‌టీయూ గురజాడ విద్యార్థులున్నారు. వాళ్లే చూశారు, వాళ్లే పట్టుకున్నారు. ఆ డీలరుతో మా ఖాతా మూసేశాం. అప్పు మీద సరుకిచ్చే వేరే మనిషి దొరికేదాకా రొక్కం పెట్టి తెచ్చుకుంటాం గానీ ఆ గుమ్మం తొక్కం.

పేరు మార్చకుండా లోపలి చిప్ మార్చడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. 2021లో పెద్ద బ్రాండ్లే అలా చేశాయి. క్రూషియల్ పీ2 టీఎల్‌సీతో వచ్చి తర్వాత క్యూఎల్‌సీకి మారింది. డబ్ల్యూడీ బ్లూ ఎస్‌ఎన్550లో ఫ్లాష్ మారాక క్యాషే దాటినప్పటి వేగం బాగా తగ్గింది. ఇప్పుడు చిప్‌ల కరువు ఇంకా ముదిరింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వైపు మళ్లడానికి మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబరులో క్రూషియల్ పేరుతో చేసే చిల్లర వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ర్యాముకీ, ఎస్‌ఎస్‌డీకీ ధర ఎందుకు పెరిగిందని రోజూ అడుగుతున్నవాళ్లకి జవాబు ఇదే. మా లాభం పెరగలేదు.

అసలు ఆ నెలల్లో అన్ని డిస్కులు ఎందుకు అమ్ముడయ్యాయో మీకు తెలుసు. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ జరిగిన మరుసటి మంగళవారం, 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగింది. పాత కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా బాగుచేతకి వచ్చాయి. కొన్నింటికి విండోస్ 11 వేశాం. ప్రాసెసరు ఒప్పుకోనివాటికి 2026 అక్టోబరు 13 దాకా వచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లలో పేరు నమోదు చేశాం, లేదా విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. దాదాపు అన్నిటికీ బిగించింది ఈ డిస్కే.

ఇక ఏం చేయాలన్న ప్రశ్న. మమ్మల్ని ఎక్కువగా నలిపింది ఇదే. వారంటీ ప్రకారమైతే మేం చేయాల్సింది ఏమీ లేదు, డిస్కు చెడిపోలేదు కదా. వారంటీకి పంపినా అదే లాటులోంచి ఇంకోటి వస్తుంది. అందరివీ వెనక్కి తీసుకుని టీఎల్‌సీ ఇద్దామంటే, ఈరోజు మంచి టీఎల్‌సీ డిస్కు మాకు పడే ధరే మీరు అప్పట్లో కట్టిన బిల్లు కంటే ఎక్కువ. ఒక్కో డిస్కు మీదా చేతి డబ్బు పోతుంది. అందుకని మొదట స్టూడియోలకీ, నలుగురైదుగురు కలిసి వాడే టాలీ సర్వర్లకీ మాత్రమే మారుద్దాం అనుకున్నాం. ఇంటర్నెట్ సెంటరులో ఫారాలు నింపేవాళ్లకీ, ఆన్‌లైన్ క్లాసులు చూసే పిల్లలకీ క్యూఎల్‌సీ వల్ల నష్టం లేదు. చదివే వేగం రెండింటికీ దాదాపు ఒకటే, రోజుకి నాలుగైదు జీబీ రాసేచోట క్యాషే ఎప్పటికీ నిండదు. సాంకేతికంగా అది సరైన లెక్కే. కానీ డబ్బు ఇద్దరి దగ్గరా సమానంగానే తీసుకున్నాం. ఒకరికి మార్చి, ఇంకొకరికి నీకిది చాల్లే అని మేమెలా తీర్పు చెప్తాం? ఈరోజు ఫారాలు నింపుతున్నాయన రేపు ఫొటో స్టూడియో పెట్టుకోవచ్చు. ఆ కంప్యూటరు ఇంకొకరికి అమ్మేయనూ వచ్చు. తెలిసి ఊరుకోవడం మా వల్ల కాలేదు.

కాబట్టి నిర్ణయం అందరికీ ఒక్కటే. డిస్కు మార్చుకుంటామంటే పైసా అడగకుండా టీఎల్‌సీ డిస్కు ఇస్తాం. వద్దు, ఉన్నది బాగానే ఉంది అంటే, ఆ బిల్లు తేదీన టీఎల్‌సీకీ క్యూఎల్‌సీకీ ధరలో ఎంత తేడా ఉందో అంత తిరిగిచ్చేస్తాం, వారంటీ యథావిధిగా ఉంటుంది. ఉగాది దాకా గడువు. కొత్త డిస్కులు కొద్దికొద్దిగా వస్తున్నాయి కనుక స్టూడియోలకీ, బిల్లింగు సర్వర్లకీ ముందు మారుస్తాం. మిగిలినవాళ్లు ఈ ఒక్క విషయంలో ఓపిక పట్టండి. బిల్లు పోయినా ఫర్వాలేదు, ప్రతి సీరియల్ నంబరూ మా పుస్తకంలో ఉంది. ఫోన్ చేసి నంబరు చదివితే ఏ లాటో చెప్పేస్తాం.

ఇంట్లోనే చూసుకోవాలనుకునేవాళ్లకి: క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఫర్మ్‌వేర్, వాడిన గంటలు, మొత్తం రాసిన జీబీలు కనపడతాయి గానీ టీఎల్‌సీనా క్యూఎల్‌సీనా అన్నది కనపడదు. పైగా ఆ గంటల అంకెను సున్నా చేసి అమ్మడం కూడా జరుగుతోంది. 2025 మొదట్లో వాడేసిన సీగేట్ హార్డ్ డిస్కులు అలాగే కొత్తవిగా యూరప్ బజారుకెక్కాయి. గడి రకం తెలియాలంటే ఫ్లాష్ చిప్ వివరాలు చదివే ఫ్లాష్ ఐడీ టూల్స్ కావాలి. ఫైసన్, సిలికాన్ మోషన్, మాక్సియో, రియల్‌టెక్ కంపెనీల కంట్రోలర్లకి వేర్వేరు టూల్స్ ఉంటాయి. మీ డిస్కు కంట్రోలరుకి తగ్గది ఎంచుకుని అడ్మినిస్ట్రేటరుగా నడిపితే ఫ్లాష్ కంపెనీ, గడి రకం ఒక వరుసలో చూపిస్తుంది. అది కుదరకపోతే, డిస్కు సగం నిండి ఉన్నప్పుడు 100 జీబీ ఫోల్డరు కాపీ పెట్టి టాస్క్ మేనేజర్ గ్రాఫు చూడండి. పెన్ డ్రైవు నుంచో పాత హార్డ్ డిస్కు నుంచో కాపీ చేస్తే ఈ పరీక్ష పనికిరాదు, వాటి నెమ్మదే కనపడుతుంది. ఇంకో ఎస్‌ఎస్‌డీ నుంచే చేయాలి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూని ఖాళీ డిస్కు మీద మాత్రమే నడపండి.

క్యూఎల్‌సీయే ఉంచుకునేవాళ్లు కనీసం పాతిక శాతం ఖాళీగా వదిలేయండి. పెద్ద కాపీ అయ్యాక వెంటనే షట్‌డౌన్ చేయకుండా కాసేపు ఊరికే ఆన్‌లో ఉంచితే కంట్రోలరు సర్దుకుంటుంది. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్‌లో వారానికోసారి షెడ్యూలు ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ఏ చోటు ఖాళీ అయిందో డిస్కుకి చెప్పే ట్రిమ్ దాన్నుంచి మరోసారి వెళ్తుంది. పెళ్లి వీడియోలు కాపీ చేసి బీరువాలో పెట్టడానికి మాత్రం దీన్ని వాడొద్దు. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి ఉంటే గడుల్లో చార్జి కారుతుంది. దానికి హార్డ్ డిస్కే మేలు.

మార్పిడికి వచ్చేముందు మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే డిస్కులోని డేటాకి తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి దాన్ని ఆపండి. ఆపడం రాకపోతే మీ అకౌంటులో ఉండే 48 అంకెల రికవరీ కీ రాసుకుని తీసుకురండి. అది లేకపోతే ఒక్కోసారి ఎవరూ ఏమీ చేయలేరు. టాలీ లైసెన్సు ఉంటే ముందు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే సరెండర్ చేసి, పాత డిస్కు నుంచి విడిపించండి. పాత డిస్కులో ఉన్నదంతా రెస్క్యూజిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో కొత్తదానిలోకి మేమే మారుస్తాం. వచ్చే టీఎల్‌సీ డిస్కుల్లో కొన్ని 500 జీబీవి, అంటే విండోస్‌లో 476 బదులు 465 చూపిస్తాయి. చిన్న డిస్కులోకి క్లోన్, అంటే మొత్తం నకలు, నేరుగా ఎక్కదు. ముందు సీ పార్టిషన్‌ని కుదించి, చివర్లో ఉండే రికవరీ పార్టిషన్‌ని జీపార్టెడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ముందుకి జరపాలి. అందుకే కంప్యూటరు ఒక పూట మా దగ్గర ఉంచాల్సి వస్తుంది. 512యే కావాలంటే చెప్పండి, వచ్చాక పిలుస్తాం.

ఇకనుంచి ప్రతి లాటులో ఒక డిస్కు విప్పి, ఫ్లాష్ ఐడీ చదివి, సగం నింపి రాయించి చూశాకే మిగతావి బల్ల మీదకి వస్తాయి. క్యూఎల్‌సీ అయితే బిల్లు మీదే క్యూఎల్‌సీ అని రాసి, ఆ ధరకే ఇస్తాం. ఆన్‌లైన్‌లో ఇంతకంటే తక్కువకి దొరుకుతోందని బేరం పెట్టేవాళ్లకి ఒకటే మాట: లోపల ఏముందో మేం చదవని డిస్కు మా షాపు బిల్లుతో వెళ్లదు, ధర దగ్గర గొడవైనా సరే.

దూరం నుంచి వచ్చేవాళ్లు డిస్కు ఒక్కటే ఊడదీసి బస్సు పార్సిల్లో పంపొద్దు. అందులో మీ డేటా ఉంది, దారిలో పోతే ఆ డేటా మేం తెచ్చివ్వలేం. రాలేకపోతే ఫోన్ చేయండి, బొబ్బిలి, రాజాం వైపు మా కుర్రాడు వచ్చే రోజున మీ ఇంటి దగ్గరే మార్చి వెళ్తాడు.