రాత్రి గొడవ గురించి, 'ది ఆల్బమ్' మీద నా మాట

బ్లింక్స్ అందరికీ, అంటే కొరియన్ గర్ల్ గ్రూప్ బ్లాక్‌పింక్ అభిమానులందరికీ, నమస్తే. రాత్రి మన చాట్ గ్రూప్‌లో బ్లాక్‌పింక్ 'ది ఆల్బమ్' మరీ చిన్నదని కొందరు, ఫ్లాప్ అని ఒకరు అనడంతో గొడవ మొదలైంది. పొద్దున లేచి చూస్తే 312 మెసేజ్‌లు! అన్నీ చదివాను తల్లీ, కళ్ళు మండుతున్నాయి.

చిన్నదన్న వాళ్ళ మాట నిజమే. 2016 ఆగస్టులో వచ్చిన బ్లాక్‌పింక్ మొదటి పూర్తి ఆల్బమ్ 2020 అక్టోబర్ 2న ఇచ్చింది. నాలుగేళ్ళు కాచుకుంటే ఎనిమిది పాటలు, 24 నిమిషాలు. అందులో 'హౌ యూ లైక్ దట్', 'ఐస్ క్రీమ్' ముందే వినేశాం, కొత్తవి ఆరే. కుక్కర్ పెట్టి మొదలెడితే కూర తాలింపు అయ్యేలోపు ఆల్బమ్ అయిపోతుంది.

కానీ "ఫ్లాప్" అన్న తమ్ముడూ, అదెక్కడి లెక్క? పది లక్షల కాపీలు దాటింది, అమెరికా ఆల్బమ్‌ల చార్ట్ బిల్‌బోర్డ్ 200లో రెండో స్థానం. నచ్చలేదను, ఒప్పుకుంటాను.

నాకైతే అమెరికన్ ర్యాపర్ కార్డి బి ఉన్న 'బెట్ యూ వానా' అతికించినట్టుంటుంది. అంతా ఇంగ్లీషే, వాళ్ళ సొంత రుచి లేదు. 'లవ్‌సిక్ గర్ల్స్' వేరు. గిటార్‌తో మొదలై, కోరస్‌కి వచ్చేసరికి ఏడుపుని డాన్స్ చేసేస్తుంది. రాసినవాళ్ళలో గ్రూప్ సభ్యులు జిసూ, జెన్నీ పేర్లున్నాయని మర్చిపోకండి. చివరి 'యూ నెవర్ నో' మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లైటు ఆర్పి వినాలి. స్పీకర్‌లో పెట్టి "బోర్" అన్నవాళ్ళతో నాకు మాటల్లేవు (సరదాకే, ఎగ్జిట్ అవకండి).

ఆదివారం రాత్రిలోపు మీకు నచ్చిన ఒక్క పాట, ఎందుకో వాయిస్ నోట్‌లో పంపండి. నిమిషం దాటొద్దు. కొరియన్ బాయ్ బ్యాండ్ బీటీఎస్‌తో పోలిక తెస్తే డిలీట్ చేస్తా.